రేచీకటి ఉన్నోళ్లకి రాత్రి సామాను: ఏది ముందు కొనాలి, ఏది వేసి చూశాకే కొనాలి

రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే అందరూ ఆర్పీ అనే జబ్బు, ఉన్నవాళ్లు పొద్దుగూకితే గడప దాటరు. దాటాలంటే ఎవరో ఒకరు తోడు రావాలి, వాళ్లకి తీరిక ఉండాలి, మనకి అడగబుద్ధి కావాలి. ఈ బాధ పడలేక చాలామంది ఏదో ఒక రోజు ఫోన్‌లో నైట్ విజన్ అని వెతుకుతారు, మిలిటరీ వాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు కనిపిస్తాయి, ధర చూసి మూసేస్తారు, లేదంటే అప్పు చేసి మరీ తెప్పిస్తారు. నేనూ ఆర్పీ మనిషినే, ఉండేది తిరుపతిలో. నాలాంటోళ్లు అడిగినప్పుడల్లా ముందు చెప్పే మాట ఇదే: మార్కెట్లో దొరికే సామాను దాదాపు అంతా వెలుతురు పెంచుతుంది గానీ చూపు వెడల్పు పెంచదు. ఇది బుర్రకెక్కితే సగం డబ్బు మిగులుతుంది.

ముందు జబ్బేంటో తేల్చుకోండి. రేచీకటి అనగానే మన పెద్దవాళ్లు క్యారెట్, మునగాకు, లివర్ తినమంటారు. విటమిన్ ఏ లోపం వల్ల వచ్చిన రేచీకటి అయితే అది నిజంగానే తగ్గుతుంది, డాక్టరు మందిస్తే ఇంకా తొందరగా. ఆర్పీ అది కాదు, జన్యువుల్లో వచ్చిన తేడా. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉండటం కూడా చూస్తుంటాం. దీనికి విటమిన్ ఏ మాత్రలు మీ అంతట మీరు మింగొద్దు. ఎక్కువైతే లివర్‌కి దెబ్బ, గర్భిణులకి ప్రమాదం, ఏబీసీఏ4 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకి ఉన్న చూపు కూడా పాడయ్యే భయం ఉంది. జీన్ థెరపీ వచ్చిందట కదా అని అడుగుతారు. వచ్చింది, 2017 చివర్లో అమెరికాలో అనుమతి దొరికింది, కానీ అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువుకి మాత్రమే. మిగతావాళ్లం ఈలోపు టార్చితోనే నడవాలి.

ఇంతకీ మన కంట్లో ఏం పోయిందంటే, మసక వెలుతురులో పనిచేసే కణాలు, వాటిని రాడ్స్ అంటారు. ఆర్పీలో ముందు చచ్చేవి అవే. పగలు రంగులు, అక్షరాలు చూపించే కోన్స్ చాలా కాలం నిలబడతాయి, అందుకే పగలు పేపరు చదివే మనిషి రాత్రి పక్కనున్న కుర్చీ కనపడక తన్నుకుంటాడు, చూసేవాళ్లు నాటకాలు అనుకుంటారు. రాడ్స్ ఎక్కువగా ఉండేది రెటీనా అంచుల్లో కాబట్టి అంచుల చూపు కూడా వాటితోపాటే పోయి, చివరికి పైపులోంచి చూసినట్టు అవుతుంది. అంటే నష్టాలు రెండు, ఒకటి చీకటి, రెండోది ఇరుకు. టార్చి, కెమెరా, నైట్ విజన్ మొదటిదానికి. రెండోదానికి మందు తెల్లకర్ర, తల తిప్పి తిప్పి చూసే అలవాటు.

మీ ఇరుకు ఎంతో ఇంట్లోనే ఒక అంచనాకి రావచ్చు. ఒక కన్ను మూసి, చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగించి దానికేసి సూటిగా చూడండి. చాపిన చేతి దూరంలో పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పిడికిలి కనపడి దానికి అటూ ఇటూ ఏమీ కనపడకపోతే మీ చూపు 10 డిగ్రీల దగ్గర ఉందన్నమాట. అంటే మూడు మీటర్ల దూరంలో మీకు ఒక్కసారిగా కనిపించేది అర మీటరు వెడల్పే, ఒక మనిషి భుజాలంత. ఇది ఆసుపత్రిలో చూపు వెడల్పు కొలిచే ఫీల్డ్ టెస్టుకి బదులు కాదు, సామాను కొనే ముందు మీకు మీరు తెలుసుకోవడానికి మాత్రమే.

టార్చి గురించి

మొదట కొనాల్సింది మంచి టార్చి. తేలిగ్గా తీసుకోకండి, నైట్ విజన్ కళ్లద్దాలకీ వెడల్పు కాంతి టార్చికీ మధ్య పోటీ పెట్టి చూసిన పరిశోధనలు ఉన్నాయి, టార్చి ఏమీ తీసిపోలేదు. అయితే మామూలు టార్చి కాదు. మన అంగళ్లలో దొరికేవాటిలో ఎక్కువ శాతం దూరం కొట్టేవి, మామిడి తోటకి కాపలా పడుకునేవాళ్లకి, రాత్రిపూట మోటారు వెయ్యడానికి పోయే రైతులకి పనికొచ్చేవి. అవి అర కిలోమీటరు దూరంలో చెట్టుని చూపిస్తాయి, మీ కాలి ముందున్న మురుగు కాలువని చూపించవు. మనకి కావాల్సింది దగ్గరలో, వెడల్పుగా, సమానంగా పడే వెలుగు.

అంగట్లోనే తేల్చుకోవచ్చు. టార్చిని గోడకి మీటరు దూరంలో పట్టుకుని వెయ్యండి. మధ్యలో కళ్లు జిగేలుమనే చుక్క, చుట్టూ మసక ఉంటే పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఆ చుక్కకి కన్ను అలవాటు పడి చుట్టూ ఉన్నది ఇంకా చీకటైపోతుంది. వెలుగు వలయం కనీసం మీటరున్నర వెడల్పుతో, అంచుదాకా ఒకేలా ఉంటే అది మన సరుకు. లోపల గిన్నెలా లోతైన రిఫ్లెక్టరు ఉన్నవి సాధారణంగా దూరం కొట్టేవే. ఇంట్లో అలాంటిది ఇప్పటికే ఉంటే పారేయక్కర్లేదు, అద్దం మీద పాలరంగు ప్లాస్టిక్ ముక్క టేపుతో అంటించి చూడండి, వెలుగు కొంచెం తగ్గినా పరుచుకుంటుంది. వేడెక్కే టార్చి అయితే కాగితం వద్దు.

డబ్బా మీద రాసిన అంకెల్ని నమ్మొద్దు. ల్యూమెన్లు అంటే వెలుగెంతో చెప్పే లెక్క, అరచేతిలో పట్టే చవక టార్చి మీద లక్ష ల్యూమెన్లు అని ఉంటే అది అబద్ధం. వీధిలో నడవడానికి నిజమైన 500 నుంచి 1000 ల్యూమెన్లు చాలు. ఇంకో మోసం బ్యాటరీలో ఉంటుంది. ఎక్కువ టార్చిల్లో వేసేది 18650 అనే రకం, వేలంత పొడవుండే లిథియం సెల్లు. మంచి కంపెనీది అయినా దాంట్లో పట్టేది 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే, దాని మీద 9900 అని రాసి ఉంటే అది కచ్చితంగా డూప్లికేట్, మధ్య దారిలో ఆరిపోతుంది. ఒక స్పేర్ సెల్లు జేబులో ఉంచుకోండి, కానీ తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడిగా వేయొద్దు, షార్ట్ అయి కాలుతుంది. ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి వేసుకోండి.

రంగు విషయంలో నా ఓటు నీలం కొట్టే తెలుపుకి కాదు, 4000 కెల్విన్ దగ్గరుండే కొంచెం పసుపు కలిసిన తెలుపుకి. ఆర్పీ ఉన్నవాళ్లలో చాలామందికి కంట్లో శుక్లం కూడా చిన్న వయసులోనే మొదలవుతుంది, వాళ్లకి నీలం తెలుపు మరీ చెదిరిపోయి పొగమంచులా కనిపిస్తుంది.

ఎక్కడ పట్టుకుంటారన్నది కూడా ముఖ్యమే. తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్ చేతులు ఖాళీగా ఉంచుతుంది నిజమే, కానీ వెలుగు కంటి పక్కనుంచే బయల్దేరుతుంది కాబట్టి వస్తువుల నీడలు మనకి కనపడవు, నీడ లేకపోతే మెట్టు ఎక్కడుందో, గుంత ఎంత లోతో తెలియదు, నేలంతా చదునుగా కనిపిస్తుంది. అదే టార్చిని నడుము దగ్గర పట్టుకుని రెండు మూడు మీటర్ల ముందు నేల మీద వేస్తే ప్రతి రాయి వెనకా నీడ లేస్తుంది. మీ మెట్ల దగ్గర రెండు రకాలుగా వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. వాన పడుతున్నప్పుడు, దుమ్ము లేచినప్పుడు హెడ్‌ల్యాంప్ ఇంకా దండగ, చినుకుల మీద పడి వెలుగంతా కళ్లలోకే తిరిగొస్తుంది. వంటింట్లో, మేడ మీద బట్టలు తీసేటప్పుడు మాత్రం దాన్ని మించింది లేదు.

ఎదురొచ్చేవాళ్ల మొహం మీద వెయ్యకండి. ఒకసారి వేస్తే ఇంకెప్పుడూ దారివ్వరు.

ఎదురు లైట్ల సంగతి

చీకటి కన్నా ఎదురొచ్చే బండి లైటే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆర్పీ కన్ను వెలుగులోంచి చీకట్లోకి అలవాటు పడటానికి చాలాసేపు తీసుకుంటుంది, బాగా ముదిరితే అసలు అలవాటే పడదు. గాంధీ రోడ్డులో అంగళ్ల లైట్లకి బాగానే నడిచి, పక్క సందులోకి తిరగ్గానే గోడ ఎదురైనట్టు ఆగిపోతామే, అది ఇదే. సందు మొదట్లో ఒక పక్కకి జరిగి నిలబడి, టార్చి వేసుకుని, నేల తెలిశాక అడుగెయ్యండి. ముందుకి పొడుచుకొచ్చిన అంచున్న టోపీ పెట్టుకుంటే వీధిలైట్లు, బండ్ల లైట్లు కొంత అడ్డుపడతాయి, ఇది చౌకైన చిట్కా, బాగా పనిచేస్తుంది. గంగమ్మ జాతర రోజుల్లో, పెళ్లిళ్ల దగ్గర వెలిగి ఆరే సీరియల్ సెట్ల కింద మాత్రం టార్చీ టోపీ రెండూ చాలవు, ఎవరి చెయ్యి అయినా పట్టుకోండి, మొహమాటపడొద్దు.

పసుపు అద్దాలు పెట్టి నైట్ డ్రైవింగ్ గ్లాసెస్ అని రోడ్డు పక్కన అమ్ముతారు. వద్దు. ఏ రంగు అద్దమైనా కంట్లోకి వెళ్లే వెలుగుని తగ్గిస్తుందే తప్ప పెంచదు. రంగు అద్దాలు పగలు పెట్టుకోవాలి, మన ఎండలకి పక్కల నుంచి కూడా మూసే గోధుమరంగువి, వాటివల్ల సాయంత్రానికి కన్ను అంత అలిసిపోదు. ఇక రాత్రిపూట బండి నడపడం గురించి చర్చే లేదు, మానెయ్యండి. మెల్లగా పోతానన్నా, తెలిసిన రోడ్డే అన్నా కుదరదు.

జేబులో ఉన్న ఫోను

ఇప్పటి ఫోన్ల కెమెరా చీకట్లో మన కంటికన్నా చాలా ఎక్కువ చూస్తుంది. కెమెరా తెరిచి నైట్ మోడ్ పెట్టి ఎదుట పట్టుకుంటే గేటు దగ్గర నిలబడిందెవరో, మెట్లు ఎటు మలుపు తిరిగాయో తెరమీద కనిపిస్తుంది. నిలబడి చూడటానికి మాత్రమే ఇది. తెర చూస్తూ నడిస్తే పడతారు, పైగా తెర వెలుగుకి కన్ను మళ్లీ మొదటికొస్తుంది, అందుకే బ్రైట్‌నెస్ బాగా తగ్గించి వాడండి. బస్టాండులో బస్సు బోర్డు చదవలేకపోతే ఫోటో తీసి పెద్దది చేసి చూసుకోవచ్చు. ఎర్ర ఎల్‌ఈడీ బోర్డులు ఫోటోలో సగం సగమే పడుతుంటాయి, అవి వెలిగి ఆరుతూ ఉంటాయి కాబట్టి, అలాంటప్పుడు రెండు సెకన్లు వీడియో తీసి ఆపి చూడండి. గూగుల్ వాళ్ల లుకౌట్, మైక్రోసాఫ్ట్ వాళ్ల సీయింగ్ ఏఐ అనే యాప్‌లు ఎదురుగా ఉన్నదాన్ని చదివి వినిపిస్తాయి, డెన్మార్క్‌లో 2015లో మొదలైన బీ మై ఐస్‌లో అయితే వీడియో కాల్‌లో ఒక వాలంటీర్ మనకి చూసి చెప్తాడు. మూడూ ఉచితమే. కండక్టర్నో పక్కవాళ్లనో "అన్నా, ఇది చిత్తూరు బస్సేనా?" అని అడగడం వీటన్నిటికన్నా వేగం అనుకోండి.

ఇక అసలు నైట్ విజన్

ఇవి రెండు రకాలు. మొదటిది సైన్యం వాడేది, ఇమేజ్ ఇంటెన్సిఫయర్. ఉన్న కొద్దిపాటి వెలుగుని, నక్షత్రాల వెలుగైనా సరే, ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని వేలరెట్లు పెంచి, చిన్న తెర మీద పచ్చగా చూపిస్తుంది. ఆర్పీ వాళ్లకి ఇది పనికొస్తుందా అని బోస్టన్‌లో డాక్టర్ ఎలియట్ బెర్సన్ బృందం 1973లోనే రాసింది, నెదర్లాండ్స్‌లో 2004లో కళ్లద్దాల రకంతో రోడ్ల మీద నడిపించి చూశారు, బాగా చీకటిగా ఉన్నచోట లాభం కనిపించింది. కానీ మంచి తరానిది లక్షల్లో ఉంటుంది, అమెరికా నుంచి తెప్పించాలంటే ఆయుధ సామగ్రి ఎగుమతి నియమాలు అడ్డొస్తాయి.

రెండోది డిజిటల్ రకం, వేలల్లో దొరికేది. లోపల కెమెరా సెన్సరు, పక్కన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు, చూడటానికి చిన్న తెర, అంతే. లైటు 850 నానోమీటర్లది అయితే కాస్త దూరం వెళ్తుంది, బల్బు సన్నగా ఎర్రగా కనిపిస్తుంది. 940ది అసలు కనపడదు, దూరమూ తక్కువే. మనకి దొంగచాటు పనులేమీ లేవు కాబట్టి 850 తీసుకోండి. జపాన్‌లో హోయా కంపెనీ 2018లో ఆర్పీ వాళ్ల కోసమే కళ్లద్దాల ఆకారంలో ఎండబ్ల్యూ10 అని ఒకటి తెచ్చింది, దాని కెమెరా చీకటిని రంగుల్లోనే వెలుగు చేసి కళ్లముందున్న తెర మీద వేస్తుంది. ఈ దారిలో ఇంకా వస్తాయి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది మాగ్నిఫికేషన్. వేటకి, పక్షులు చూడటానికి అమ్మేవి వస్తువుని మూడు రెట్లో ఐదు రెట్లో పెద్దది చేస్తాయి, ఇరుకు చూపుకి అది శాపం, ఐదు రెట్లు పెద్దదైతే మీ పది డిగ్రీల్లో పట్టేది రెండు డిగ్రీల ప్రపంచమే. ఒకటే రెట్టు, అంటే 1x అని ఉన్నదే నడకకి పనికొస్తుంది. మంచి నైట్ విజన్లు 40 డిగ్రీల వెడల్పు చూపిస్తాయి, మీకు 20 డిగ్రీలే ఉంటే అందులో సగం మీకు అందదని గుర్తుంచుకోండి. థర్మల్ కెమెరాలు కూడా ఇదే అరలో పెట్టి అమ్ముతారు, అవి వేడిని చూపిస్తాయి కాబట్టి రోడ్డుకి అడ్డంగా పడుకున్న ఆవు, కుక్క బ్రహ్మాండంగా తెలుస్తాయి, మెట్లూ కాలువలూ తెలియవు.

డబ్బు కట్టే ముందు మీ వీధిలో రాత్రి వేసి చూడాలి. పగలు ఏసీ గదిలో లైట్లార్పి చూపించే డెమో లెక్కలోకి రాదు. ఒక అమ్మకందారు నాకు మిలిటరీ గ్రేడ్ అని ఒకటే ఊదరగొట్టాడు, బయటికెళ్లి చూద్దాం రండి అంటే టైమ్ లేదన్నాడు, అక్కడితో ఆ బేరం ముగిసింది. మీరు చూడాల్సినవి: తల వేగంగా తిప్పితే బొమ్మ వెనకబడి ఈడ్చుకుంటూ వస్తోందా, చవక డిజిటల్ వాటిలో వస్తుంది, అలా ఉంటే పది నిమిషాలకే కడుపులో తిప్పుతుంది. బైకు ఎదురొస్తే తెరంతా తెల్లగా అయిపోతోందా, ఎంతసేపటికి తేరుకుంటోంది. మీ గుమ్మం ముందు మెట్టు అంచు తెలుస్తోందా. ఒంటికంటి రకం అయితే లోతు అంచనా పోతుంది, కాలు పెట్టి తడిమి చూడండి. వీధిలైట్లున్న దారిలో దీనివల్ల ఒరిగేది తక్కువ, పల్లెలో, తోటల్లో, లైట్లు లేని దావలో దీని అసలు విలువ తెలుస్తుంది. కాబట్టి మీరు రాత్రిళ్లు ఎక్కడ తిరుగుతారన్నదాన్ని బట్టే నిర్ణయం.

తెల్లకర్ర

దీని దగ్గర అందరూ మొండికేస్తారు, పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లలో మరీ. కానీ రాత్రి ఎవరికో భుజం తగిలి తాగినావా అని తిట్టించుకోవడం కన్నా కర్ర నయం, చూసినవాళ్లే తప్పుకుంటారు. మడతపెట్టేది తీసుకుంటే పగలు సంచిలో పడుంటుంది. నిలబెడితే మీ రొమ్ము ఎముక దాకా రావాలి. భుజాలకన్నా కాస్త వెడల్పుగా అటూ ఇటూ ఆడించాలి, ఎడమ కాలు ముందుకేసినప్పుడు కర్ర కొన కుడివైపు ఉండాలి, అంటే తర్వాతి అడుగు పడే చోటుని ముందే తడుముతుంది. రెండు చేతులుంటాయి కదా, ఒకదాంట్లో కర్ర, ఒకదాంట్లో టార్చి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అర్హత ఉన్నవాళ్లకి కర్ర, ఇంకొన్ని సాధనాలు ఉచితంగా ఇస్తారు, క్యాంపులు ఎప్పుడో కనుక్కుంటూ ఉండండి.

కొండకి నడిచి వెళ్లేవాళ్లు: అలిపిరి దారిలో 3550 మెట్లు, చాలావరకు పైకప్పు, లైట్లు ఉంటాయి కాబట్టి ఎక్కడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా దిగడంలోనే, ఒకే రంగు రాతిమెట్లు పైనుంచి చూస్తే కలిసిపోయి వాలులా కనిపిస్తాయి. పక్కన గోడో కమ్మీనో పట్టుకుని, టార్చిని పక్కవాటంగా వేస్తే అంచులు తేలతాయి. గుడి లోపల వేరే కథ. ఫోన్లు బయటే డిపాజిట్ చేయాలి, గర్భగుడిలో దీపాల వెలుగే. ఎండలోంచి వచ్చినా, లైట్ల కింద క్యూలోంచి వచ్చినా లోపల మనకి కటిక చీకటే, జనం తోసేస్తూ ఉంటారు. అక్కడ ఏ పరికరమూ పనికిరాదు, తోడొచ్చినవాళ్ల మోచేయి పైన పట్టుకుని వాళ్లని అర అడుగు ముందు నడవనివ్వండి, వాళ్లు మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లకూడదు. మోచేయి కిందికి దిగితే మెట్టు దిగుతున్నట్టు, ఆగితే ఆగినట్టు, నోటితో చెప్పే పనే లేదు. స్వామి కనిపించే ఆ క్షణంలో ఎటు తల తిప్పాలో మాత్రం ముందే చెప్పమని అడగండి.

ఇంట్లో ఖర్చు తక్కువ. కరెంటు పోయినా వెలిగే ఇన్వర్టర్ బల్బులు బాత్రూంలో, మెట్ల దగ్గర పెట్టండి, మనిషి కదిలితే వెలిగే చిన్న సెన్సర్ లైట్లు మంచం కింద అంటించండి, మెట్ల అంచుల మీద తెల్ల పెయింటు పట్టీ కొట్టండి. టార్చికి ఇంట్లో ఒకే చోటు ఉండాలి, వాడినవాళ్లు అక్కడే పెట్టాలి, ఈ ఒక్క విషయంలో నేను ఇంట్లో గొడవ పడతా.

చివరిగా కాగితాలు. తిరుపతిలో అరవింద్, చిత్తూరు వైపు వాళ్లకి వేలూరు సీఎంసీ వాళ్ల షెల్ కంటి ఆసుపత్రి, చెన్నైలో శంకర నేత్రాలయ, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. ఎక్కడికెళ్లినా రెటీనా డాక్టర్ని చూడటంతో ఆపకుండా లో విజన్ క్లినిక్‌కి రాయమని అడగండి, సాధనాలు చేతికిచ్చి వాడి చూడనిచ్చేది అక్కడే. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, బోర్డు మీద చివరి వరుస చదివేశారని, మీకు బాగానే కనిపిస్తోందని పంపేసే అవకాశం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చూపు వెడల్పు కూడా లెక్కే, 40 డిగ్రీల కన్నా తగ్గితే అల్పదృష్టి, 10 కన్నా తగ్గితే అంధత్వం కింద వస్తుంది. అందుకే ఫీల్డ్ టెస్టు రిపోర్టు రెండు కళ్లదీ చేతిలో పట్టుకుని వెళ్లండి, జెరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోండి.